ఆవిరి పట్టే యంత్రం

ఆవిరి పట్టే యంత్రం అనగా నీటిని విద్యుత్తుతో మరిగించి, వెలువడే ఆవిరిని ముక్కు ద్వారా, నోటి ద్వారా పీల్చుకొనుటకు వీలుగా అందించే చిన్న గృహోపకరణం. దీనిని వాడుకలో వేపరైజర్, స్టీమర్, ఆవిరి మిషన్ అని కూడా పిలుస్తారు. జలుబు, ముక్కు దిబ్బడ, గొంతు గరగర, తలబరువు వంటి బాధలు కలిగినపుడు ఉపశమనం కొరకు దీనిని వాడుతారు. తులసి, వాము, పుదీనా, నీలగిరి తైలం వంటి మూలికా ద్రవ్యాలను ఆవిరితో కలిపి పీల్చడం తెలుగునాట పరిపాటి. గోడకున్న ప్లగ్గులో పెట్టిన రెండు మూడు నిమిషాలకే ఆవిరి రావడం, ధర తక్కువ కావడం, చేతి సంచిలో పట్టడం వలన ఇది పొయ్యి మీది గిన్నె స్థానాన్ని చాలా ఇళ్ళలో ఆక్రమించింది.

చూడడానికి ఆటబొమ్మవలె కనిపించే ఈ డబ్బాలో మరిగే నీరు, 230 వోల్టుల విద్యుత్తు రెండూ ఒకేచోట ఉంటాయి. చవకగా దొరికే అనేక రకాలలో విద్యుత్తు నేరుగా ఆ నీటి గుండానే ప్రవహిస్తుంది. వాడేవారు అన్నింటికంటె ముందు తెలుసుకోవలసిన సంగతి ఇదే.

పూర్వ పద్ధతులు

ఆవిరి పట్టడం చాలా పాత అలవాటు. ఆయుర్వేదంలో చెమట పట్టించే చికిత్సను స్వేదనం అంటారు. చరక సంహిత సూత్రస్థానంలోని స్వేదాధ్యాయం పదమూడు రకాల స్వేదాలను పేర్కొంటుంది. వాటిలో నాడీస్వేదం అనేది మూలికలు ఉడికే కుండ నుండి ఆవిరిని ఒక గొట్టం ద్వారా శరీరానికి తగిలించే పద్ధతి. అయితే ఇది ప్రధానంగా చర్మానికి వేడి తగిలించే చికిత్సయే గాని, ఇప్పటివలె ముక్కుతో పీల్చడం దీని ముఖ్యోద్దేశం కాదు.

ఐరోపాలో ప్లిమత్ నగరానికి చెందిన వైద్యుడు జాన్ మడ్జ్ 1778లో ఆవిరి పీల్చుటకు మూత, గొట్టం గల ఒక లోహపు చెంబును ప్రచారంలోకి తెచ్చాడు. 1860లలో ఇంగ్లండులో నెల్సన్ ఇన్‌హేలర్ అనే పింగాణీ కూజా వాడుకలోకి వచ్చింది. మరిగిన నీటిని అందులో పోసి, పక్కనున్న గొట్టం ద్వారా పీల్చేవారు. పింగాణీకి వేడి త్వరగా ఎక్కదు గనుక చేతికి సుఖంగా ఉండేది. నేటి ప్లాస్టిక్ యంత్రం వీటి వంశానికి చెందినదే. మరిగించే పని కూడా డబ్బాలోనే జరగడం మాత్రం కొత్త.

తెలుగు ఇళ్ళలో వెడల్పాటి గిన్నెలో నీళ్ళు తెర్లించి, అందులో పసుపు, తులసి, వేప లేదా వావిలి ఆకులు వేసి, తలమీదుగా దుప్పటి కప్పుకొని ఆవిరి పట్టడం తరతరాల పద్ధతి. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో బాలింతలకు స్నానం చేయించే ఆచారం కూడా ఈ కోవలోనిదే. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో స్థాపించిన అమృతాంజనం, 1920లో హైదరాబాదులో మొదలైన జిందా తిలిస్మాత్ వంటి మందులు కూడా ఈ గిన్నెలోకి చేరాయి. వేలి కొసంత లేపనమో, రెండు మూడు చుక్కల అరకో వేడినీటిలో వేసి పీల్చడం చాలామంది ఎరిగిన సంగతి.

నిర్మాణం, పనిచేయు విధానం

మార్కెట్లో దొరికే యంత్రాలు ముఖ్యంగా రెండు రకాలు. పైకి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి గాని లోపలి సూత్రం వేరు.

మొదటిది పలకల రకం. ఇందులో వేడిచేసే తీగ అంటూ ఏదీ ఉండదు. మూతకు అమర్చి లోనికి వేలాడే గొట్టంలో రెండు లోహపు పలకలు లేదా కడ్డీలు ఒకదానికొకటి తగలకుండా ఉంటాయి. వాటిని ఎలక్ట్రోడులు అంటారు. డబ్బాలో నీళ్ళు పోసి మూత బిగించినపుడు పలకలు నీటిలో మునుగుతాయి. ప్లగ్గు పెట్టగానే ఒక పలక నుండి మరొక పలకకు నీటి గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. నీటికున్న నిరోధం వలన ఆ నీరే వేడెక్కి మరుగుతుంది. నీరు తరిగి పలకల కిందికి దిగిపోతే వలయం తెగి, యంత్రం దానంతట అదే ఆగిపోతుంది. ఈ సౌకర్యం వలన, తక్కువ భాగాలతో తయారవడం వలన ఈ రకం చవకగా దొరుకుతుంది.

రెండవది హీటరు రకం. ఇందులో వేడిచేసే భాగం లోహపు అడుగు కింద మూసి ఉంటుంది. విద్యుత్తు నీటిని తాకదు. నీరు అయిపోయినపుడు వేడి మితిమీరకుండా ఆపుటకు లోపల ఉష్ణ నియంత్రకం అవసరం. అది పాడైతే అడుగు మాడుతుంది.

తమ వద్ద ఉన్నది ఏ రకమో తెలుసుకొనుటకు ప్లగ్గు తీసి, మూత తెరిచి చూస్తే చాలు. నీటిలో మునిగే చోట రెండు లోహపు ముక్కలు విడివిడిగా కనిపిస్తే పలకల రకం. నున్నని లోహపు అడుగు మాత్రమే కనిపిస్తే హీటరు రకం.

ఆవిరి ఎంత వస్తుందో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు సులభంగా లెక్క కట్టవచ్చు. ఉదాహరణకు 200 వాట్ల యంత్రంలో 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న 100 మి.లీ. నీరు పోశారనుకొందాము. దానిని 100 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 29 కిలోజౌళ్ళ శక్తి కావాలి. అనగా రెండున్నర నిమిషాలు పడుతుంది. అక్కడి నుండి ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 2,257 జౌళ్ళు కావాలి గనుక నిమిషానికి ఐదు గ్రాముల పైచిలుకు నీరు ఆవిరిగా మారుతుంది. పది నిమిషాలకు సుమారు 53 గ్రాములు. కొంత వేడి డబ్బా గోడల ద్వారా పోతుంది గనుక వాస్తవంలో ఇంతకంటె కాస్త తక్కువే వస్తుంది. ఒకసారి ఆవిరి పట్టడానికి నిండు డబ్బా నీరు అక్కరలేదని ఈ లెక్క వలన తెలుస్తుంది. తక్కువ నీరు పోస్తే త్వరగా మరుగుతుంది, ఒలికినా నష్టం తక్కువ. కాకపోతే డబ్బాపై గుర్తించిన కనిష్ఠ గీతకు తగ్గకూడదు.

ఉప్పు ఎందుకు వేస్తారు

పలకల రకం యంత్రంతో వచ్చే సూచనల కాగితంలో, ఆవిరి సరిగా రాకపోతే చిటికెడు ఉప్పు కలపమని ఉంటుంది. ఉప్పు ఒక ఔషధమని, ఉప్పు ఆవిరి గొంతుకు మంచిదని భావించి వేసేవారు ఉన్నారు. అది పొరపాటు. నీరు మరిగినపుడు ఆవిరిగా పోయేది నీరు మాత్రమే, ఉప్పు డబ్బాలోనే మిగిలిపోతుంది. సముద్రపు నీటిని బట్టీ పట్టి మంచినీరు తీయడం ఈ ధర్మం వలననే సాధ్యమవుతున్నది. గొంతుకు ఉప్పు తగలాలంటే గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించడమే మార్గం.

ఉప్పు వేయడంలోని ఉద్దేశం విద్యుత్ ప్రవాహాన్ని పెంచడమే. శుద్ధమైన నీరు విద్యుత్తును చాలా తక్కువగా ప్రవహింపజేస్తుంది. ఆర్‌ఓ యంత్రం ద్వారా వడకట్టిన నీటిలో లవణాలు బాగా తగ్గిపోతాయి గనుక ఆ నీరు పోస్తే పలకల రకం యంత్రం ఎంతసేపటికీ ఆవిరి ఇవ్వదు. యంత్రం చెడిపోయిందని దుకాణానికి తిరిగి పట్టుకుపోయే ముందు ఈ సంగతి చూసుకోవడం మంచిది. అదే బోరు నీరు పోస్తే ఉప్పు లేకుండానే గలగల మరుగుతుంది.

ఉప్పు ఎక్కువైతే నీటి నిరోధం పడిపోయి విద్యుత్తు మితిమీరి ప్రవహిస్తుంది. నీరు ఒక్కసారిగా పొంగి, ఆవిరితో పాటు మరిగే నీటి తుంపరలు ముఖం మీదికి చిమ్ముతాయి. తీగ వేడెక్కడం, ఫ్యూజు పోవడం కూడా జరుగుతుంది. 200 వాట్ల యంత్రం మామూలుగా ఒక ఆంపియరు లోపే తీసుకుంటుంది. చెంచాడు ఉప్పుతో అది ఎన్నో రెట్లు పెరగవచ్చు. కావున మొదట ఉప్పు లేకుండా చూసి, ఆవిరి రాకపోతే ప్లగ్గు తీసి, రెండు వేళ్ళ మధ్య పట్టే చిటికెడు మాత్రమే కలపాలి. హీటరు రకానికి ఉప్పు అవసరమే లేదు. వేస్తే అడుగున పేరుకొని లోహాన్ని తినివేస్తుంది.

మూలికలు, తైలాలు

మూలికలలోని సువాసన తైలాలు నీటి కంటె చాలా ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద మరుగుతాయి. నీలగిరి తైలంలోని సినియోల్ 176 డిగ్రీల వద్ద, పుదీనా జాతికి చెందిన మెంథాల్ 212 డిగ్రీల వద్ద, వాములోని థైమాల్ సుమారు 232 డిగ్రీల వద్ద మరుగుతాయి. అయినప్పటికీ నీటి ఆవిరితో కలిసి ఇవి 100 డిగ్రీలలోపే కొంచెం కొంచెంగా పైకి లేస్తాయి. ఒకదానితో ఒకటి కలవని రెండు ద్రవాల ఆవిరి పీడనాలు కూడి వాతావరణ పీడనానికి సమానమైతే చాలు, మిశ్రమం మరుగుతుంది. పరిమళ తైలాలు తీసే ఆవిరి స్వేదన యంత్రాలు పనిచేసేది ఈ సూత్రం మీదనే.

అన్ని మూలికలకూ ఇది వర్తించదు. పసుపుకు ఆ రంగునిచ్చే కర్కుమిన్ ఆవిరితో లేవదు. పసుపు వేసిన నీటి నుండి వచ్చే ఆవిరిలో పసుపు వాసనకు కారణమైన కొద్దిపాటి తైలం తప్ప కర్కుమిన్ ఉండదు. గిన్నెకు, డబ్బాకు మాత్రం వదలని మరక పడుతుంది. అదేవిధంగా వేపాకులోని చేదు పదార్థాలు నీటిలోనే ఉండిపోతాయి. తులసి, వాము, పుదీనా, నీలగిరి తైలం, కర్పూరం మాత్రం నిజంగానే ఆవిరితో ముక్కును చేరతాయి.

మెంథాల్ పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్లు తోస్తుంది. ముక్కులోని చల్లదనాన్ని గ్రహించే నాడీ గ్రాహకాలను అది ప్రేరేపించడం వలన గాలి ధారాళంగా ఆడుతున్న అనుభూతి కలుగుతుంది. గాలి ప్రవాహాన్ని పరికరాలతో కొలిచి చూసినపుడు ముక్కు దిబ్బడలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. రాత్రి నిద్ర పట్టని రోగికి ఆ అనుభూతి కూడా విలువైనదే. ముక్కు లోపలి వాపు మాత్రం దీనితో పోదు.

ఈ ద్రవ్యాలను నీటి డబ్బాలో వేయరాదు. ఆకు ముక్కలు, వాము గింజలు పలకల మధ్య ఇరుక్కుంటాయి, ఆవిరి వచ్చే ముక్కుకు అడ్డుపడతాయి. దారి మూసుకుపోతే లోపల పీడనం పెరిగి మూత ఎగిరిపడవచ్చు. తైలాలు, లేపనాలు పలకల మీద జిడ్డుపొరగా అంటుకొని ప్రవాహాన్ని తగ్గిస్తాయి, ప్లాస్టిక్‌ను మెత్తబరచి పగుళ్ళు తెస్తాయి. కొన్ని యంత్రాలకు ఆవిరి బయటకు వచ్చే చోట మందు వేసుకొనుటకు చిన్న గుంట ఉంటుంది. రెండు చుక్కల తైలమో, నలిపిన నాలుగు తులసి ఆకులో అందులో ఉంచాలి. గుంట లేని యంత్రానికి శుభ్రమైన దూది ముక్కపై ఒక చుక్క తైలం వేసి ఆవిరి దారికి పక్కగా, దారిని మూయకుండా ఉంచుకోవచ్చు.

కర్పూరం, నీలగిరి తైలం కడుపులోకి పోతే విషం. చిన్న పిల్లలలో కొద్ది మోతాదుకే మూర్ఛలు రావచ్చు. సీసాలు పిల్లలకు అందకుండా ఉంచాలి. రెండేళ్ళలోపు పిల్లలకు కర్పూరం, మెంథాల్ గల లేపనాలను ఆవిరిలో గాని, ఒంటికి గాని వాడరాదు.

వాడవలసిన తీరు

యంత్రాన్ని బల్లపై, అంచుకు దూరంగా, కదలకుండా ఉంచాలి. మంచం మీద, ఒడిలో పెట్టుకోరాదు. తీగ నడకదారికి అడ్డంగా వేలాడకూడదు. ముందు నీరు పోసి, మూత బిగించి, చేతులు పొడిగా తుడుచుకొని, ఆ తరువాతనే స్విచ్చు వేయాలి. స్విచ్చు వేసి ఉండగా మూత తీయడం, నీరు కలపడం, నీటిలో వేలు పెట్టి వేడి చూడడం చేయరాదు. పలకల రకంలో ఆ నీరు విద్యుత్ తీగతో సమానం. డబ్బా ఒలికితే తడిసిన నేల మీద నిలబడి ప్లగ్గు తీయబోవడం కూడా ప్రమాదమే. మెయిన్ స్విచ్చు కట్టివేసి అప్పుడు దగ్గరకు వెళ్ళాలి. ఇంటి విద్యుత్ వలయానికి 30 మిల్లీ ఆంపియర్ల వద్ద తెగిపోయే లీకేజీ రక్షణ స్విచ్చు ఉంటే చాలావరకు రక్షణ. అనేక చవక యంత్రాలకు రెండు కాళ్ళ ప్లగ్గు మాత్రమే ఉంటుంది, ఎర్తు ఉండదు. స్నానాల గది, చేతులు కడుక్కొనే తొట్టి వీటికి తగిన చోటు కాదు.

ఆవిరి గొట్టం నుండి ముఖం కనీసం 30 సెంటీమీటర్లు, అనగా జానకంటె కొంచెం ఎక్కువ దూరంలో ఉండాలి. మూతి దగ్గర తెల్లగా కనిపించేది నిజానికి ఆవిరి కాదు. ఆవిరి చల్లబడి ఏర్పడిన సన్నని నీటి తుంపర. అసలు ఆవిరి కంటికి కనిపించదు. గొట్టం కొసకు, తెల్లని పొగకు నడుమ ఖాళీగా కనిపించే చోటనే అది ఉంటుంది. అన్నింటికంటె వేడిగా ఉండేది ఆ చోటే. ముందుగా ముంజేతిని ఆవిరి దారిలో పెట్టి వేడి చూసుకొని, కళ్ళు మూసుకొని పీల్చాలి. ఐదు నుండి పది నిమిషాలు చాలు. గిన్నెతో ఆవిరి పట్టినట్లు దుప్పటి కప్పుకోవడం ఈ యంత్రంతో తగదు. దుప్పటి లాగినపుడు తీగ చిక్కుకొని డబ్బా ఒడిలో పడుతుంది. యంత్రంతో వచ్చే ముఖం తొడుగు వాడినపుడు కూడా ముఖాన్ని అదిమిపెట్టక కొద్దిగా ఎడంగా ఉంచాలి.

ఆస్తమా గలవారు వైద్యుని అడగకుండా ఆవిరి పట్టరాదు. వేడి ఆవిరి, ఘాటైన తైలాలు కొందరిలో శ్వాసనాళాలను బిగపట్టిస్తాయి. ముక్కు నుండి రక్తం కారేవారు, స్పర్శజ్ఞానం తగ్గిన మధుమేహ రోగులు, ఒంటరిగా ఉన్న వృద్ధులు కూడా జాగ్రత్త వహించాలి.

పిల్లలు, కాలిన గాయాలు

ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారినపుడు 2,257 జౌళ్ళ వేడిని వదులుతుంది. ఆ తరువాత ఆ నీరు శరీర ఉష్ణోగ్రతకు చల్లారేటపుడు మరో 260 జౌళ్ళు వదులుతుంది. అనగా అదే బరువు గల మరిగే నీటికంటె ఆవిరి తొమ్మిది రెట్లకు మించిన వేడిని చర్మానికి ఇస్తుంది. అయినను ఆవిరి పట్టడంలో జరిగే పెద్ద ప్రమాదాలు ఎక్కువగా ఆవిరి వలన కాక, మరిగే నీరు ఒంటిపై ఒలకడం వలన సంభవిస్తాయి. గిన్నె పద్ధతిలో ఈ ముప్పు మరీ ఎక్కువ, డబ్బా చిన్నది గనుక యంత్రంలో కొంత తక్కువ. పసివారి చర్మం పలుచన. పెద్దల చేతికి బొబ్బ వేసే నీరు, తొడపై పడితే ఏడాది బిడ్డను వారాల తరబడి ఆసుపత్రిలో ఉంచగలదు.

కోవిడ్ మహమ్మారి మొదలైన 2020 వసంతంలో బర్మింగ్‌హామ్ నగరపు పిల్లల ఆసుపత్రి వైద్యులు, ఆవిరి పట్టించే ప్రయత్నంలో కాలిన పిల్లల సంఖ్య 30 రెట్లు పెరిగినట్లు లాన్సెట్ పత్రికలో తెలియజేశారు. తల్లిదండ్రులు ఆ పని చేసింది పిల్లలను కాపాడుకోవాలనే.

కాలిన వెంటనే బట్టలు, గాజులు, మొలతాడు తీసివేసి, ఆ భాగాన్ని కుళాయి కింద పారే చల్లని నీటిలో 20 నిమిషాలు ఉంచాలి. చర్మానికి అతుక్కున్న బట్టను మాత్రం లాగరాదు. మంచుగడ్డ, పళ్ళ పేస్టు, సిరా, పసుపు, నెయ్యి, పిండి పూయరాదు. పూతలు వేడిని లోపలే ఉంచి, తరువాత గాయం శుభ్రం చేయడాన్ని కష్టతరం చేస్తాయి. ముఖం, చేతులు, మర్మావయవాలు కాలినా, బిడ్డ అరచేతికంటె పెద్ద ప్రాంతం కాలినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. తెలుగు రాష్ట్రాలలో 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది.

శుభ్రపరచడం

వాడిన ప్రతిసారీ ప్లగ్గు తీసి, పదిహేను ఇరవై నిమిషాలు చల్లారనిచ్చి, మిగిలిన నీటిని పారబోయాలి. ఉప్పు కలిపిన నీరు లోపల నిలవ ఉంటే పలకలు తుప్పు పడతాయి. మంచినీటితో ఒకసారి తొలిచి, డబ్బాను, మూతను విడదీసి బోర్లించి ఆరబెట్టాలి. తీగ తగిలించిన మూతను కుళాయి కింద పెట్టరాదు, నీటిలో ముంచరాదు. తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరిన తరువాతనే మళ్ళీ వాడాలి.

బోరు నీరు వాడే ఇళ్ళలో కొద్ది వారాలకే పలకల మీద, డబ్బా గోడల మీద తెల్లని గట్టి పొర పడుతుంది. ఇది ముఖ్యంగా కాల్షియం కార్బొనేటు. టీ కాచే గిన్నె అడుగున పేరుకొనేదీ ఇదే. పలకలపై ఈ పొర ముదిరితే ఆవిరి తగ్గుతుంది. చాలామంది అప్పుడు ఉప్పు మోతాదు పెంచుతారు. అది తప్పు, పొరను తీయాలి. వెనిగర్, నీరు సమభాగాలుగా కలిపి గాని, గ్లాసు గోరువెచ్చని నీటిలో చెంచా నిమ్మ ఉప్పు కరిగించి గాని డబ్బాలో పోసి అరగంట ఉంచాలి. సన్నని బుడగలు లేస్తే ఆమ్లం పొరను కరిగిస్తున్నదని గుర్తు. ఆ బుడగలు బొగ్గుపులుసు వాయువు. పాత పళ్ళ బ్రష్షుతో మెల్లగా రుద్ది, రెండు మూడుసార్లు కడగాలి. పలకలను ఆ ద్రావణంలో ముంచవలసివస్తే పలకల భాగమే మునిగేటట్లు, తీగ కలిసే చోటు తడవకుండా చూసుకోవాలి. ఇదంతా ప్లగ్గు తీసి చేయవలసిన పని. వెనిగర్ పోసి యంత్రాన్ని నడిపితే వచ్చే పుల్లని ఆవిరి గొంతును మండిస్తుంది. ఇనుప పీచు, కత్తి మొన వాడితే పలకలపై గీతలు పడి, పొర మరింత త్వరగా పడుతుంది.

ముఖం తొడుగును సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. జలుబు చేసినవారి తొడుగును కడగకుండా మరొకరు వాడరాదు. మందు గుంటలో మిగిలిన జిడ్డును దూదితో తుడవాలి. తీగ పైతొడుగు చిట్లినా, డబ్బాకు బీట పడినా, ప్లగ్గు చేతికి వేడిగా తగిలినా ఆ యంత్రాన్ని అతికించి వాడక తీసివేయడమే ఉత్తమం. నీరు కారే బీటకు జిగురు పెట్టి పొదుపు చేయదగిన వస్తువు కాదిది.

ఆవిరి రోగాన్ని తగ్గిస్తుందా

ఆవిరి వలన ముక్కులోని చీమిడి పలుచబడి తేలికగా వస్తుందని, ఉపశమనం కలుగుతుందని అనుభవం మీద అందరూ చెప్పేదే. జలుబు వ్యవధి తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. ఇంగ్లండులో సాల్స్‌బరీ లోని జలుబు పరిశోధన కేంద్రానికి చెందిన డేవిడ్ టిరెల్ తదితరులు 43 డిగ్రీల తడిగాలిని పీల్చినవారికి బాధలు తగ్గాయని 1989లో ప్రకటించారు. మరుసటి సంవత్సరం అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జరిగిన ప్రయోగంలో అటువంటి మేలు కనిపించలేదు. చండీగఢ్ వైద్య పరిశోధనా సంస్థకు చెందిన మీనూ సింగ్ తదితరులు కాక్రేన్ సమీక్ష కొరకు ఇటువంటి ప్రయోగాలను కలిపి పరిశీలించారు. 2017 నాటి సమీక్షలో ఆరు ప్రయోగాలు, 387 మంది రోగులు ఉన్నారు. జలుబుకు వేడి తడిగాలి వలన లాభం గాని, హాని గాని నిరూపణ కాలేదని అది తేల్చింది. ఈ ప్రయోగాలలో వాడినది ఉష్ణోగ్రతను అదుపుచేసే యంత్రాలని, ఇంటి డబ్బాలు కావని గమనించాలి.

దీర్ఘకాల సైనస్ బాధ గల 871 మందిపై బ్రిటన్‌లో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం కొంత మేలు చేసింది. ఆవిరి వలన తలనొప్పి తగ్గడం తప్ప ఇతర లక్షణాలలో మార్పు రాలేదు.

కోవిడ్ కాలంలో ఆవిరి వైరస్‌ను చంపుతుందనే ప్రచారం విపరీతంగా జరిగింది. 2021లో రెండవ తరంగం వచ్చినపుడు దేశమంతటా ఇళ్ళలోనే గాక కార్యాలయాలలో, పోలీసు ఠాణాలలో కూడా ఆవిరి పట్టే ఏర్పాట్లు చేసుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని కోవిడ్ చికిత్సగా సిఫారసు చేయలేదు. భారత ఆయుష్ మంత్రిత్వ శాఖ 2020లో విడుదల చేసిన సూచనలలో పుదీనా లేదా వాముతో రోజుకు ఒకసారి ఆవిరి పట్టవచ్చునని ఉన్నది. అది మామూలు పొడిదగ్గు, గొంతునొప్పికి చెప్పినదని, లక్షణాలు తగ్గకపోతే వైద్యుని చూడాలని కూడా అందులోనే ఉన్నది. కణాలలోనికి చేరిన వైరస్‌ను చంపగల వేడి ఆ కణాలను కూడా చంపుతుంది. రోజుకు ఐదారుసార్లు పట్టినవారికి మిగిలేది ఎండిపోయి ఒరుసుకున్న ముక్కుపొరయే. ఆవిరి పడుతూ ఆక్సిజన్ పడిపోవడాన్ని గమనించక ఆలస్యం చేయడం అంతకంటె పెద్ద నష్టం. ఆయాసం, మూడు రోజులు దాటిన జ్వరం, ఛాతీ నొప్పి, పిల్లలలో డొక్కలు ఎగరవేయడం కనిపిస్తే యంత్రాన్ని పక్కనపెట్టి వైద్యుని వద్దకు పోవాలి.

ఇటువంటి ఇతర సాధనాలు

ఆవిరి యంత్రాన్ని నెబ్యులైజరుతో పొరబడేవారు ఉన్నారు. నెబ్యులైజరు మందు ద్రవాన్ని మరిగించకుండా, గాలి ఒత్తిడితో గాని అతిధ్వని కంపనాలతో గాని సన్నని తుంపరగా మార్చి ఊపిరితిత్తులకు చేరుస్తుంది. ఆస్తమాకు నెబ్యులైజరు కొరకు వైద్యులు రాసే మందులు దానిలోనే వాడాలి. వాటిని ఆవిరి డబ్బాలో పోస్తే మందు అడుగునే మిగిలిపోతుంది. గదిలో తేమ పెంచే చల్లని తుంపర యంత్రం మరొకటి. అందులో నీరు మరగదు గనుక కాలే భయం లేదు గాని, నిలవనీటిలో పెరిగిన సూక్ష్మజీవులు తుంపరతో పాటు గాలిలోకి చేరతాయి. కావున దాని శుభ్రత విషయంలో ఇంకా ఎక్కువ శ్రద్ధ అవసరం.

విదేశాలలో వేపరైజర్ అనే పేరుతోనే పొగాకు, గంజాయి వంటి ఎండు ఆకులను మండించకుండా వేడిచేసి పీల్చే సాధనాలు అమ్ముతారు. వీటికి, నీటి ఆవిరి యంత్రానికి పేరులో తప్ప పోలిక లేదు. భారతదేశంలో 2019 నాటి ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం ఈ-సిగరెట్లతో పాటు, పదార్థాన్ని మండించకుండా వేడిచేసి పీల్చే పరికరాల ఉత్పత్తి, దిగుమతి, అమ్మకం, ప్రకటనలను నిషేధించింది. నికోటిన్ లేకపోయినా నిషేధం వర్తిస్తుంది. అంతర్జాలంలో ఈ పేరుతో వెదికి వస్తువు తెప్పించుకొనేవారు, విదేశాల నుండి బంధువుల చేత తెప్పించుకొనేవారు ఏ రకం వస్తువు వస్తున్నదో ముందుగా చూసుకోవాలి.